ఏడో గది అద్దెదారు

"ఈ క్షణం నుంచి మన రాష్ట్రంలో ఏ ప్రభుత్వ గది ఖాళీగా ఉందో, ఏ గదిలో ఎవరున్నారో తెలుసుకోవడానికి ఎవరూ ఆ గది దాకా పోవాల్సిన పని లేదు. కళ్లతో చూసే కాలం పోయింది. ఇక ఏపీఐ చూస్తుంది!" అని అద్దె గదుల ఆధునికీకరణ శాఖ మంత్రివర్యులు మా ఊళ్లో నడి ఎండలో నిలబడి ప్రకటించారు.

అందరం చప్పట్లు కొట్టాం. ఏపీఐ అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు, అయినా చప్పట్లకు అదేం అడ్డం కాదు. నా పక్కన నిలబడ్డ గొర్రెల లింగప్ప మాత్రం మెల్లగా అడిగాడు.

"పేపరన్నా, ఈ ఏపీఐ సారు ఎప్పుడొస్తాడంట?"

"ఆయన వచ్చే రకం కాదు లింగప్పా. ఉన్నచోటి నుంచే అన్నీ చూస్తాడు."

"అట్లయితే శానా పెద్ద ఆపీసరే" అని లింగప్ప తలగుడ్డ సర్దుకున్నాడు.

నేను ఒక దినపత్రికకు మండల విలేఖరిని. కంబదూరు నుంచి మడకశిర వైపు వచ్చే దారిలో ఉంటుంది మా ఊరు. పేరు రాయను. రాస్తే ఇక్కడి అభివృద్ధి చూడటానికి జనం బస్సులెక్కి వస్తారు, ఉన్న తాగునీళ్లు మాకే చాలడం లేదు.

మంత్రివర్యులు ప్రకటన చేసిన చోటు మా పంచాయతీ వాణిజ్య సముదాయం. ఇరవై నాలుగు గదులు. బస్టాండు దగ్గర కట్టి ఉంటే జనం తోసుకుని తొక్కుకుని వస్తారని, ముందుచూపుతో ఊరికి దూరంగా, కంకర గుట్ట పక్కన కట్టారు. ఆ గుట్టను ఆనుకునే మంత్రివర్యుల బావమరిది గారి ఇళ్ల స్థలాలు ఉండటం కేవలం భూగోళ శాస్త్రానికి సంబంధించిన విషయం.

ఆ గదుల్లో ఒకే ఒక్కరు అద్దెకుండేవారు. ఆమె మాబున్నీసా, బట్టలు కుట్టే మనిషి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బస్టాండులో ఆమె బంకు పీకేసి ఏడో గది చూపించారు. అక్కడే మిషను పెట్టుకుని రవికలూ, బడిపిల్లల చొక్కాలూ కుట్టుకుంటోంది. తక్కిన గదులకు షట్టర్లు లేవు. కట్టిన కొత్తలోనే మాయమయ్యాయి. అది ఏపీఐ రాకముందు సంగతి కాబట్టి ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం పూట లింగప్ప గొర్రెలు ఆ గదుల్లో పడుకునేవి. గొర్రెకు నీడ కనిపిస్తే చాలు, టెండరు పిలిచేదాకా ఆగదు.

ఇక్కడ మా పంచాయతీ ఈవో నారాయణప్ప గారి గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. పై నుంచి ఏ ఆదేశం వచ్చినా చదవకముందే అమలు చేసే అధికారి ఆయన. చదివితే ఆలస్యమవుతుందని ఆయన భయం. మంత్రివర్యుల కారు కదలగానే ఆయన కంప్యూటరు పని చూసే హేమావతిని పిలిచారు.

"ఏమ్మా, ఈ ఏపీఐ అంటే మనమేం చేయాల?"

"ఏం లేదు సార్. గెట్ అని కొడితే గదిలో ఎవరుండారో చెప్తాది. పోస్ట్ కొడితే కొత్త మనిషిని చేర్చుకుంటాది. డిలీట్ కొడితే తీసేస్తాది. గది నంబరు, మనిషి పేరు, పన్నెండంకెల నంబరు ఇస్తే చాలు."

"అంతేనా? నేను ఇంకా సంతకాలు పెట్టాల్నేమో అనుకున్నా" అన్నారు నారాయణప్ప గారు, కాస్త చిన్నబుచ్చుకుని. తర్వాత గంభీరంగా ఆదేశం ఇచ్చారు. "రేపు మధ్యాహ్నం గది గదికీ పోవాల. ఏ గదిలో ఎవరుంటే వాళ్ల నంబరు అక్కడికక్కడే కొట్టాల. ఖాళీ అని మాత్రం కొట్టినావంటే బాగుండదు. ఖాళీ ఉంటే పైన ఎర్రగా కనబడతాదంట."

మర్నాడు మిట్టమధ్యాహ్నం హేమావతి ట్యాబ్ పట్టుకుని సముదాయానికి పోయింది. వార్త కోసం నేనూ పోయాను. మాబున్నీసా షట్టరు దించుకుని నమాజుకూ భోజనానికీ ఇంటికి పోయి ఉంది. మిగతా గదుల నిండా గొర్రెలు. హేమావతి ఫోన్ తీసింది.

"సార్, ఈడ మనుషులు ల్యారు. గొర్రెలుండాయి."

"నంబర్లుండాయా?"

"ఉండాయి సార్, చెవులకు. మొన్న టీకాలేసినప్పుడు పసుప్పచ్చ బిళ్లలు గుచ్చినారు కదా."

"ఎన్నంకెలు?"

హేమావతి ఒక గొర్రె చెవి పట్టుకుని లెక్కపెట్టింది. "పన్నెండు సార్."

అవతల కాసేపు చప్పుడు లేదు. గొప్ప నిర్ణయాలు తీసుకునే ముందు గొప్పవాళ్లు అట్లాగే ఊపిరి బిగపడతారు.

"కొట్టు" అన్నారు నారాయణప్ప గారు.

హేమావతి గదికి ఒక గొర్రె చొప్పున కొట్టుకుంటూ పోయింది. పేర్లు లింగప్ప చెప్పాడు. నల్లమ్మ, బొల్లమ్మ, చుక్కమ్మ, కరెమ్మ. ఒక్కో నంబరు పడగానే ఏపీఐ 'విజయవంతంగా నమోదైంది' అని మర్యాదగా చెప్పింది. "ఇది అడగదా తల్లీ, మనిషా కాదా అని?" అన్నాను. "పన్నెండంకెలు ఉండాలని మాత్రమే రాసినారన్నా. కాళ్లు ఎన్ని అని అడగలే" అంది.

నవ్వే పాఠకులు నవ్వుకోండి. కానీ ఎవరుంటే వాళ్లను నమోదు చేయమన్నారు, ఉన్నవాళ్లను నమోదు చేశారు. లేనివాళ్లను ఉన్నట్టు రాసే ఊళ్లు నాకు చాలా తెలుసు. మా ఊరు అట్లాంటిది కాదు.

ఆ సాయంత్రం రాజధానిలోని తెర మీద మా సముదాయం పచ్చబడింది. ఈ ఏడాది మా మండలంలో పచ్చగా కనిపించింది అదొక్కటే. ఇరవై మూడు గదులు పచ్చ. ఒక్కటి మాత్రం ఎరుపు. మనిషి ఉన్న గది.

ఈ సంగతి మాబున్నీసాకు బడిలో తెలిసింది. ఈసారి బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని ఆమెకే ఇస్తామని హెడ్మేడం మాటిచ్చింది. అయితే గది రికార్డు చూపించాలి, అందులో పేరుండాలి. ఆ పని దొరికితే ఏడాది గడిచిపోతుంది. మేడం ఫోన్లో చూసి, "ఏడో గది ఖాళీ అని వస్తోందే?" అందట. మాబున్నీసా నేరుగా పంచాయతీ ఆఫీసుకు వచ్చింది.

"ఏం సారూ, నేను గదిలో లేనా? గుడ్లేసుకుని చూస్తాండారు కదా దినామూ!"

"కోపం వద్దమ్మా. ఒక్క నిమిషంలో చేర్పిస్తా" అన్నారు నారాయణప్ప గారు. హేమావతి ఆమె పేరూ నంబరూ కొట్టింది. ఏపీఐ కాసేపు ఆలోచించి ఎర్ర అక్షరాలు చూపించింది.

"అనుమానాస్పద అద్దెదారు అంటాండాది సార్."

"ఎవరు, ఈమెనా?"

"తక్కిన ఇరవై మూడు నంబర్లూ ఒకే వరసలో ఉండాయి కదా సార్. ఈమెది ఒక్కటే వేరేగా ఉండాది. అందుకని దొంగ నంబరు అనుకుంటాండాది."

మాబున్నీసా మొహం కందిపోయింది. "నేను దొంగనా? ఆ గొర్రెలు దొరలా? ఏమప్పా, నా వేలు పెట్టించుకో, నా మొహం చూపించు దానికి! ఇన్నేండ్లు ఆ గుట్ట కాడ ఒక్కదాన్నే కూసోని మిషను తొక్కింది ఎవరంట?"

"నువ్వు మనిషివని నాకు తెలుసమ్మా" అన్నారు నారాయణప్ప గారు ఎంతో దయగా. "కానీ నాకు తెలిసింది పైకి పంపేదానికి దారి లేదు."

ఇంతలో అభివృద్ధి ఆగలేదు. ఇరవై మూడు మంది అద్దెదారులతో కళకళలాడుతున్న గ్రామీణ సముదాయంగా మా ఊరు గుర్తింపు పొంది, రాజధాని నుంచి ఫ్యాన్లు వచ్చాయి, కొళాయి వచ్చింది, కరెంటు వచ్చింది. కరెంటు కోసం మాబున్నీసా ఇచ్చుకున్న అర్జీలతో ఒక గది నింపొచ్చు. అయితే ఏడో గది రికార్డులో ఖాళీ కాబట్టి దానికి మాత్రం తీగ లాగలేదు. ఖాళీ గదికి ఫ్యాన్ ఎందుకని ఎలక్ట్రీషియన్ అడిగిన ప్రశ్నలో న్యాయముంది. ఆమె చెమట తుడుచుకుంటూ ఆ గది గుమ్మంలోనే నిలబడి ఆ ప్రశ్న విన్నది.

లింగప్ప కష్టం ఇంకో రకం. "గొర్రెలు ఫ్యాను కింద నుంచి లేయడమే లేదన్నా! అదిలిస్తే మొహం తిప్పుకుంటాండాయి" అన్నాడు. మేత లేదు, కొన్నింటిని సంతకు తోలదామని బయల్దేరితే నారాయణప్ప గారు దారికి అడ్డం నిలబడ్డారు.

"యాడికి లింగప్పా?"

"సంతకు సారూ."

"ఎట్ల పోతావు? అద్దెదారులు నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయగూడదు."

"గొర్రెలు నోటీసు ఎట్లిస్తాయి సారూ?"

"ఆ సంగతే ఏపీఐలో ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగు."

లింగప్ప గొర్రెల్ని వెనక్కి తోలుకున్నాడు. అవి సంతోషంగానే వెనక్కి తిరిగాయి.

అప్పుడే కబురొచ్చింది. మంత్రివర్యులు మళ్లీ వస్తున్నారు. ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు గదులూ నిండిన మొదటి సముదాయాన్ని స్వయంగా స్విచ్ నొక్కి జాతికి అంకితం చేస్తారట. నారాయణప్ప గారు ఏడో గదికి పోయి, తలుపు దగ్గరే నిలబడి చెప్పారు.

"అమ్మా, ఖాళీ గదిలో మనిషి కనపడితే రికార్డుకు అవమానం. మంత్రిగారు వచ్చేలోగా ఈ గదిలోకి ఎవరన్నా రావాల. లేదా, నువ్వు సామాను తీసుకో, తాళం వేసేస్తా."

"ఎవరన్నా అంటే?"

"ఏపీఐ ఒప్పుకునేవాళ్లు."

మాబున్నీసా మర్నాడు లింగప్ప దొడ్డి నుంచి రికార్డుకెక్కని ఒకే ఒక్క పొట్టేలును తాడు కట్టి లాక్కొచ్చింది. ఆమె చెవులకు ఎప్పుడూ ఉండే కమ్మలు లేవు. పొట్టేలు చెవికి మాత్రం పసుప్పచ్చ బిళ్ల ఉంది, నంబరు వరసలోనే ఉంది. పేరేమని హేమావతి అడిగితే, "సుల్తాన్ అని కొట్టు. గది గెలిచినాడు కదా" అంది మాబున్నీసా.

ఏపీఐ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు. నారాయణప్ప గారికి రాజధాని నుంచి అభినందన వచ్చింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏడో గదికి ఫ్యాన్ బిగించాడు, సుల్తాన్ ఎక్కడ పడుకుంటాడో కనుక్కుని మరీ.

మాబున్నీసా గదిలో ఉండటానికి ఇప్పుడెవరికీ అభ్యంతరం లేదు, సుల్తాన్ ఉన్నంతసేపు. ఆయన మేతకు బయటికి పోతే ఆమె కూడా పోవాలి, లేకపోతే అనధికార ప్రవేశం. సుల్తాన్ గుణం మంచిదే కానీ గుడ్డ కనబడితే నోరు కట్టుకోలేడు. ఒక చొక్కా కాలరూ, రెండు రవికల చేతులూ నమిలేశాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడను కుమ్మితే ఆవిడ మళ్లీ రాలేదు. అయినా ఎండ తగ్గాక అతను వచ్చి మిషను కింద తల పెట్టి పడుకుంటే, ఆమె కాలు ఆపి, దారిచ్చి, మళ్లీ తొక్కేది. ఒకసారి "నా గదికి నువ్వే బాడుగ మనిషివైతివి కదరా" అని వాడి నెత్తి నిమరడం చూశాను.

యూనిఫారాల పని మాత్రం ముందుకు జరగలేదు. హెడ్మేడం రికార్డు చూసి, "ఏడో గది సుల్తాన్ పేరు మీద ఉంది. బట్ట ఆయనే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి" అంది.

"ఆయప్ప సంతకం పెట్టడు మేడం. కుమ్ముతాడు" అంది మాబున్నీసా.

"అయితే నీ పేరు మార్పించుకుని రా."

మాబున్నీసాకు కావలసిందల్లా ఆ ఒక్క ముక్కే. తన గదికి తన పేరు. అది ఎట్లా దొరుకుతుందా అని ఆమె కాళ్లరిగేలా తిరుగుతుంటే, దారి దానంతటదే వచ్చింది. మంత్రివర్యుల పీఏ ఫోన్ చేశాడు. అయ్యగారికి హోటల్ తిండి పడదు, రాగి సంగటి, ఊరి పొట్టేలు కూర ఉండాలి.

నారాయణప్ప గారు లింగప్ప దగ్గరికి పరుగెత్తారు. లింగప్ప తాపీగా బీడీ వెలిగించాడు.

"మీరే కదా సారూ చెప్పింది, నోటీసు ఇవ్వకుండా ఎవురూ కదలగూడదని? కదిలిస్తే నన్ను జైల్లో ఏపిస్తారా?"

దాంతో ఆయన ఏడో గదికి వచ్చారు. సుల్తాన్ వైపు చూసి, మాబున్నీసా వైపు చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, నీకూ మంచిది, నాకూ మంచిది. నేను పైన కనుక్కున్నా. కొత్త మనిషిని చేరిస్తే అనుమానపడతాది గానీ, ఉన్న మనిషి పోయి ఆ స్థానంలో ఇంకొకరు వస్తే అనుమానపడదంట. మంత్రిగారి భోజనం అయిపోతానే హేమావతి సుల్తాన్‌ను డిలీట్ కొడతాది, నిన్ను పోస్ట్ కొడతాది. రెండు నొక్కుళ్లు. గది నీది."

మాబున్నీసా మిషను తొక్కడం ఆపింది. సుల్తాన్ ఆమె కొంగు నములుతున్నాడు. ఆమె లాక్కోలేదు.

"మాటేనా సారూ?"

"మాటే."

"నా పేరు పడాల. మాబున్నీసా అని. ఇంకొకరిది కాదు."

"పడతాది. నా మాట నమ్ము. ఇంకొకటమ్మా, వంట కూడా నువ్వే చేసి పెట్టల్ల. మంత్రిగారికి నీ చేతి మసాలా అయితే బాగుంటాది."

ఆమె ఏడుపు మింగుకుని తలూపింది. అది నేను కళ్లారా చూశాను. కళ్లతో చూసే కాలం పోయిందని తెలిసినా చూశాను.

ఆ రోజు రానే వచ్చింది. మంత్రివర్యులు సంగటి ముద్ద మీద ముద్ద వేయించుకున్నారు. "ఈ కూర ఎవరు చేశారయ్యా? రాజధానిలో ఇట్లాంటిది లేదు!" అన్నారు. బొమికలు కూడా వదల్లేదు. పొయ్యి దగ్గర పొగలో కూర్చున్న మాబున్నీసా ఆ మెప్పు విని మొహం పక్కకు తిప్పుకుంది.

తర్వాత గదుల ముందే సభ. వేదిక పక్కన హేమావతి కంప్యూటరు ముందు వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. నారాయణప్ప గారు దూరం నుంచి చేత్తో సైగ చేస్తున్నారు. ఆగు, ముందు స్విచ్ నొక్కనీ, తెర మీద ఇరవై నాలుగూ పచ్చగా ఉండాలి, ఆ తర్వాత కొట్టు. ఎంత మేనేజ్‌మెంటు! వంద మందిలో ఒకరికి కూడా అది అబ్బదు.

మంత్రివర్యులు స్విచ్ నొక్కారు. పెద్ద తెర మీద ఇరవై నాలుగు గదులు పచ్చగా వెలిగాయి. నల్లమ్మ, బొల్లమ్మ, చుక్కమ్మ, చివరికి సుల్తాన్. ఆయన ఒక్కో పేరూ పైకి చదివారు. చదువుతుంటే ఆయన గొంతు వణికింది. సుల్తాన్ పేరు దగ్గర చిన్న త్రేన్పు కూడా వచ్చింది.

"చూడండి ఈ పేర్లు! అందరూ నిరుపేదలు, నోరు లేనివాళ్లు. కులం లేదు, మతం లేదు, నల్లమ్మ పక్కన సుల్తాన్! వీళ్లను రేపు ఏ అధికారో వచ్చి ఖాళీ చేయిస్తే దిక్కెవరు? నేనున్నాను. ఈ క్షణం నుంచి మా ఏపీఐలో డిలీట్ అనేది ఉండదు! ఒకసారి గది దక్కిన పేదవాణ్ణి దేవుడు కూడా తీసేయలేడు!"

సభ దద్దరిల్లింది. వేదిక మీద నుంచే రాజధానికి ఫోన్ చేశారు. ఆయన నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేలోగా పని అయిపోయిందని తిరుగు ఫోన్ వచ్చింది. ప్రభుత్వంలో ఇంత వేగంగా జరిగిన పని నా ఉద్యోగంలో నేను చూడలేదు. చప్పట్లు కొడుతున్న లింగప్ప మాత్రం సంత గుర్తొచ్చినట్టు మధ్యలో ఆపేశాడు.

హేమావతి డిలీట్ కొట్టింది. మళ్లీ కొట్టింది. నారాయణప్ప గారి వైపు చూసి అడ్డంగా తలూపింది.

మంత్రివర్యులు కారెక్కాక మాబున్నీసా చేతులు కడుక్కుని వచ్చింది. "అయిపోయిందా హేమా? నా పేరు పడిందా?"

హేమావతి తల వంచుకుంది. నారాయణప్ప గారు ముందుకు వచ్చారు.

"చిన్న మార్పమ్మా. సుల్తాన్ ఇప్పుడు శాశ్వత అద్దెదారు అయినాడు. ఆయన్ను తీసే అధికారం నాకు లేదు. మంత్రిగారికే లేదంట."

"ఆయప్ప యాడుండాడు సారూ ఇప్పుడు?"

నారాయణప్ప గారు కంబదూరు దారిలో దుమ్ము రేపుకుంటూ పోతున్న మంత్రివర్యుల కారు వైపు చూశారు.

"మాటిచ్చినారే!" అని ఆమె ఒక్క అరుపు అరిచింది. "నా బిడ్డ లెక్క సాకినా, నా చేత్తోనే ఉప్పూ కారం ఏసినా, మీ నోటి మాట నమ్మి! ఇప్పుడు నేను యాడ కూసోని కుట్టల్ల?"

నారాయణప్ప గారు జేబులోంచి తాళం తీసి, మళ్లీ లోపల పెట్టుకుని, మళ్లీ తీశారు. రూలు రూలే. అద్దెదారు లేనప్పుడు బయటివాళ్లు గదిలో ఉండరాదు. అప్పుడు హేమావతి ఏదో తట్టి కంప్యూటరు మీదికి వంగింది.

"సార్, ఉండండి. అద్దెదారు ఇంటివాళ్లయితే ఉండొచ్చంట. ఆడ చేర్చొచ్చు. అక్కా, ఇట్ల రా. అద్దెదారుకు నువ్వేమవుతావు అని అడుగుతాండాది. తల్లి, తండ్రి, భార్య, కొడుకు, కూతురు, అన్న, తమ్ముడు... ఏం కొట్టమంటావక్కా?"

మాబున్నీసా తెర వైపు చూస్తూ నిలబడింది. ఆమె చేతులకు ఇంకా మసాలా వాసన వస్తోంది.

"వండినోళ్లకు ఏమన్నా ఉండాదేమో చూడు పాపా" అంది.

హేమావతి కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది.

"ఇతరులు అని ఉండాదక్కా."

"అదే కొట్టు" అని మాబున్నీసా చేతులు కొంగుకు తుడుచుకుని, షట్టరు ఎత్తడానికి వంగింది.